సముద్రపు బురద నుంచి కరెంటు: కడపలో తొట్టి పెట్టి మెరుగుపరచడం ఎలా

సముద్రం అడుగున కరెంటు తీయడం గురించి కడపలో కూర్చుని మాట్లాడితే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ పనిలో అసలు కష్టమంతా ఏ ఎలక్ట్రోడు ఎక్కడ చేతులెత్తేస్తోందో కనిపెట్టడంలో ఉంది. అందుకు పడవా అక్కర్లేదు, గజ ఈతగాళ్ళూ అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ తొట్టి, మల్టీమీటరు, జానెడు వెండి తీగ ఉంటే ఇంటి వెనక వరండాలోనే కనిపెట్టొచ్చు. ఇంజినీరింగు ప్రాజెక్టుకు ఈ అంశం ఎంచుకునే పిల్లలు నేరుగా నానో పదార్థాల మీద పడతారు. అంత దూరం పోకముందే చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి, అవే ఇక్కడ చెబుతాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో. తీరం దగ్గరి బురదలో పైపైన కొద్ది మిల్లీమీటర్ల దాకే ఆక్సిజన్ దిగుతుంది. ఆ కింద బతికే బ్యాక్టీరియా చచ్చిన నాచునూ పురుగునూ తిని, మిగిలిన ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి అంటగట్టాలి. ఆక్సిజన్ లేదు కాబట్టి సల్ఫేటుకో, ఇనుప ఆక్సైడుకో ఇస్తాయి. అక్కడ ఒక గ్రాఫైటు పలక పాతిపెడితే దానికీ ఇస్తాయి. అది యానోడు. పైన నీళ్ళలో వేలాడే ఇంకో కార్బన్ ముక్క కాథోడు. తీగ గుండా వచ్చిన ఎలక్ట్రాన్లను అక్కడ కరిగి ఉన్న ఆక్సిజన్ అందుకుంటుంది. మధ్యలో మన పరికరం. మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్‌ను, అంటే సూక్ష్మజీవులతో కరెంటు తీసే సెల్లును, సముద్రపు అడుగున పెడితే ఇంతే, ల్యాబు సెల్లుల్లో ఉండే పొరలూ గదులూ ఏమీ ఉండవు.

సూక్ష్మజీవుల నుంచి కరెంటు వస్తుందని 1911లోనే ఇంగ్లండులో ఎం.సి. పాటర్ చూపించాడు. సముద్రపు బురద నుంచి తీయొచ్చని క్లేర్ రీమర్స్, లెనార్డ్ టెండర్ బృందం 2001లో ప్రచురించింది. మరుసటి ఏడాది, ఆ యానోడు మీద డెసల్ఫ్యూరోమోనాస్ జాతి బ్యాక్టీరియా దట్టంగా పేరుకుంటోందని డెరెక్ లవ్లీ బృందం తేల్చింది. 2008లో టెండర్ బృందం నీళ్ళ మీద తేలుతూ వాతావరణాన్ని కొలిచే ఒక బోయాను పూర్తిగా దీని మీదే నడిపినట్టు రాసింది. ఆ బోయాకు కావలసింది సగటున 18 మిల్లీవాట్లు. అమెరికాలోని పొటోమాక్ నదిలో దించిన మొదటి సెల్లు 230 కిలోల బరువుతో 24 మిల్లీవాట్లు ఇచ్చింది. న్యూజెర్సీ ఉప్పు చిత్తడిలో పెట్టిన రెండోది 16 కిలోలే, ఇచ్చింది 36 మిల్లీవాట్లు. బ్యాక్టీరియాను ఎవరూ మార్చలేదు. మారింది కట్టడమూ, చోటూ. మెరుగుపరచడమంటే ఏమిటో ఈ రెండు బరువులు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఆశలు కూడా ముందే సర్దుకోండి. మామూలు గ్రాఫైటుతో చదరపు మీటరుకు 10 నుంచి 30 మిల్లీవాట్లు వస్తే మంచి పనే. సెల్‌ఫోన్ ఛార్జరుకు కనీసం 5 వాట్లు కావాలి. ఆ లెక్కన వందల చదరపు మీటర్ల యానోడు పాతాలి. ఇది ఇంటికి దీపం పెట్టే విద్య కాదు, బ్యాటరీ మార్చడానికి మనిషి పోలేని చోట సెన్సారును ఏళ్ళ తరబడి నడిపే విద్య.

బురద, ఉప్పునీళ్ళు

నిజమైన ఉప్పు బురద దొరికితే అంతకన్నా కావలసిందేముంది! 67వ నంబరు జాతీయ రహదారి గుత్తి, తాడిపత్రి, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, నెల్లూరు మీదుగా నేరుగా కృష్ణపట్నం చేరుతుంది. ఎవరైనా అటు పోతుంటే రేవుకు దూరంగా, ఉప్పుటేరు గట్టు నుంచి ఒక బకెట్ బురద తెమ్మనండి. పైన ఉండే గోధుమరంగు పొర తీసేసి, కింద నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టేది తీయాలి. మూత బిగించే డబ్బాలో, బురద మీద నాలుగు వేళ్ళ ఎత్తు అక్కడి నీళ్ళే పోసి తేవాలి. గాలి తగిలితే నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది.

అది కుదరకపోతే మన చెరువు బురద. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు బుక్కరాయసముద్రం చెరువులో గానీ, మీ ఊరి కుంటలో గానీ నీళ్ళ అంచు దగ్గర గట్టిగా అడుగేస్తే పాదం కింద నల్ల బురద పైకొస్తుంది, అది పనికొస్తుంది. పొలంలో నల్లరేగడి మట్టి చూసి అదే అనుకోవద్దు. రేగడి నలుపు వేరు, దానికి వాసన ఉండదు. చెరువు బురదకు ఒక్కసారిగా ఉప్పు తగిలిస్తే అందులోని జీవులు మూకుమ్మడిగా చస్తాయి. మూడు నాలుగు వారాల మీద కొద్దికొద్దిగా ఉప్పు పెంచుకుంటూ పోండి.

నీళ్ళు చేయడం సులువు. లీటరుకు 28 గ్రాముల అయోడిన్ కలపని రాళ్ళుప్పు, 7 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, చిటికెడు వంటసోడా. మెగ్నీషియం సల్ఫేటు ఎరువుల అంగట్లో కిలో సంచుల్లోనే దొరుకుతుంది, చీనీ తోటల వాళ్ళు వాడేదే. అది వేయకుండా ఉత్త ఉప్పునీళ్ళతో చేస్తే సముద్రపు రసాయనంలో సగం మీ తొట్టిలో ఉండదు. బురదలో కొన్ని బ్యాక్టీరియా సల్ఫేటును పీల్చి సల్ఫైడును వదులుతాయి, ఆ సల్ఫైడు యానోడు మీద ఎలక్ట్రాన్లు వదిలి గంధకంగా పేరుకుంటుంది. కడలి అడుగున వచ్చే కరెంటులో దీని వాటా తక్కువేమీ కాదు.

ఉప్పు వల్ల ఇంకో మేలు ఉంది. సముద్రపు నీళ్ళు మామూలు చెరువు నీళ్ళకన్నా సుమారు వంద రెట్లు బాగా కరెంటును పారనిస్తాయి. మంచినీళ్ళ సెల్లులో ఎలక్ట్రోడ్లు ఎంత దూరంగా ఉన్నాయన్నది పెద్ద తలనొప్పి, సముద్రంలో అది లెక్కలోకే రాదు. చెరువు బురద మీద రాసిన పరిశోధనా పత్రం చదివి సముద్రానికి సలహా ఇచ్చేవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే.

ఎలక్ట్రోడ్లు, ముఖ్యంగా అతుకు

పాత టార్చిలైటు సెల్లులోని కార్బన్ పుల్లలు ఉచితంగా దొరుకుతాయి గానీ, వాటికి తేమ దిగకుండా మైనం పట్టించి ఉంటారు. ఆ మైనం కాలిపోయేదాకా నిప్పుల మీద కాల్చాలి. ఆల్కలైన్ సెల్లులో పుల్ల ఉండదు, పగలగొట్టి చేతులు పాడుచేసుకోకండి. వెల్డింగు సామాను అంగట్లో గౌజింగు రాడ్లు అమ్ముతారు, అవీ కార్బనే, కానీ పైన రాగి పూత ఉంటుంది. ఆ పూత పూర్తిగా గీకేయకపోతే బ్యాక్టీరియాకు విషం, మీ లెక్కకు అంతకన్నా విషం.

డబ్బు పెట్టగలిగితే కార్బన్ ఫెల్టు, అంటే కార్బన్ పోగుల మందపాటి గుడ్డ, కొనండి. ఫర్నేసుల వేడి ఆపడానికి వాడేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. యానోడుకు 10 సెంటీమీటర్ల చదరపు ముక్క, కాథోడుకు అంతకు రెండు మూడు రెట్లు. కొత్త ఫెల్టు నీళ్ళను పీల్చుకోదు, పైన పోసిన చుక్క గుండ్రంగా అలాగే నిలబడుతుంది. దాన్ని స్పిరిట్‌లో ముంచి తీసి, నీళ్ళ బకెట్లో అడుగుకు తొక్కిపెట్టి బుడగలు ఆగేదాకా పిండండి. ఈ పని చేయకుండా పాతిపెడితే ఫెల్టు లోపల గాలి ఇరుక్కుని, బ్యాక్టీరియాకు సగం చోటే మిగులుతుంది.

ఇప్పుడు అతుకు. నా లెక్కన మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. ఫెల్టుకు రాగి తీగ చుట్టి బురదలో పెట్టారనుకోండి, ఉప్పునీళ్ళు ఆ రాగిని తినేస్తూ కరెంటు ఇస్తాయి. మీటరు మీద అంకె చూసి మురిసిపోతారు. అది బ్యాక్టీరియా కరెంటు కాదు, రాగి చచ్చే కరెంటు. టైటానియం తీగ దొరికితే ఫెల్టులోకి కుట్టినట్టు నాలుగైదు సార్లు దూర్చి తీయండి. నీళ్ళలో ఉండే భాగమంతా టైటానియమే ఉండాలి. రాగితో కలిపే చోటు నీళ్ళ పైనే ఉంచండి. తప్పనిసరైతే ఆ అతుకును ఎపాక్సీలో ముంచి, ఆరాక దాని మీద ఇంకో పూత వేయండి. ఆరిన ఎపాక్సీ మీద గోరు పెట్టి గీకితే గీత పడకూడదు. తీగ ఎపాక్సీలోంచి బయటికొచ్చే మెడ దగ్గరే పగుళ్ళొస్తాయి, అక్కడ వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం తొడగండి.

కరెంటు నిజంగా జీవులదేనని రుజువు కావాలంటే పక్కనే రెండో తొట్టి పెట్టండి, అన్నీ అవే, బురద మాత్రం ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించింది. కుక్కర్ పాతదై ఉండాలని వేరే చెప్పాలా! ఉడికించిన తొట్టిలో మొదట్లో, మిగిలిన సల్ఫైడు ఇచ్చే కొద్దిపాటి తప్ప, కరెంటు రాకూడదు. బాగా వస్తోందంటే ఎక్కడో లోహం కరుగుతోందని అనుమానించాలి.

తొట్టి అమరిక

బురదలోని రాళ్ళూ గుల్లలూ ఏరేసి, ఒక జానెడు మందాన పరవండి. యానోడును బురద పైభాగం నుంచి 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతులో పడుకోబెట్టండి. మీద బండ పెట్టొద్దు, కడప బండ ముక్కలు ఊరంతా పడి ఉన్నాయని ఆశపడకండి. బండ కింద ఫెల్టుకు మేత అందదు. బురద మీద నెమ్మదిగా, ఒక పళ్ళెం మీదుగా ఉప్పునీళ్ళు ఇంకో జానెడు పోయండి. కాథోడు ఆ నీళ్ళలో వేలాడాలి. రెండింటి మధ్య మొదటి రోజు నుంచే 1 కిలో ఓము రెసిస్టరు కట్టి ఉంచండి. ఎలక్ట్రాన్లకు దారి ఉంటేనే ఆ రకం బ్యాక్టీరియా యానోడు మీద కాపురం పెడుతుంది, తీగ విడిగా వదిలేస్తే వారాలు గడిచినా కరెంటు పైకి రాదు.

ఒకటి నుంచి నాలుగు వారాల్లో వోల్టేజీ పుంజుకుంటుంది. ఈలోగా మే నెల ఎండ సంగతి చూసుకోవాలి. తీరం దగ్గర సముద్రపు అడుగు అంత వేడెక్కదు. తొట్టికి తడి గోనెపట్ట చుట్టి నీడలో పెట్టండి, నీళ్ళు ఆవిరైనప్పుడు మంచినీళ్ళే కలపండి, ఉప్పునీళ్ళు కలిపితే ఉప్పు పెరిగిపోతుంది. మరీ లోతు సముద్రానికి ఎలా ఉంటుందో చూడాలంటే చిన్న సీసాలో ఇదే అమర్చి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటే. అంత చలిలో జీవులు మందగించి కరెంటు ఎంత పడిపోతుందో మీ కళ్ళతో మీరే చూస్తారు.

లోపం ఎక్కడుందో కొలవడం

రెసిస్టరు మీద వోల్టేజీ ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే ఏది మెరుగుపరచాలో తెలియదు. యానోడునూ కాథోడునూ విడివిడిగా పోల్చి కొలవడానికి, తన వోల్టేజీ మారని మూడో ఎలక్ట్రోడు కావాలి. బజార్లో కొంటే వేలల్లో ఉంటుంది. సముద్రపు నీళ్ళలో క్లోరైడు ఇంచుమించు స్థిరంగా ఉంటుంది గనక ఒక తేలిక దారి ఉంది: ప్రొద్దుటూరు వెండి అంగళ్ళలో మేలిమి వెండి తీగ జానెడు అడగండి, పట్టీల వెండి కాదు, అందులో రాగి కలుస్తుంది. ఎమెరీ కాగితంతో రుద్ది, బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణంలో అరగంట ఉంచండి. తెల్లటి వెండి ఊదారంగు కలిసిన బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ పొర సిల్వర్ క్లోరైడు. కడిగి నీళ్ళలో వేలాడదీయండి, మీ కొలబద్ద సిద్ధం. చెరువు మంచినీళ్ళలో మాత్రం ఇది పనికిరాదు.

రెసిస్టరు తీసేసి కొన్ని గంటలాగి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న యానోడు వెండి తీగతో పోల్చి సుమారు −0.4 నుంచి −0.5 వోల్టు దగ్గర, కాథోడు +0.2 నుంచి +0.35 దగ్గర ఉంటాయి. తేడా 0.7, 0.8 వోల్టు. ఇప్పుడు రెసిస్టర్లు ఒకటొకటే మార్చండి: 10 కిలో ఓములు, 4.7, 2.2, 1, ఆపైన 470 ఓములు, 220, 100. ప్రతిదానికీ అంకె కదలకుండా నిలిచేదాకా కనీసం అరగంట ఆగాలి. ఫెల్టు కెపాసిటర్‌లా ఛార్జి దాచుకుంటుంది, తొందరపడి రాసుకుంటే దాచుకున్నదాన్నంతా సంపాదన అనుకుంటారు. వోల్టేజీని దానితోనే గుణించి రెసిస్టెన్సుతో భాగిస్తే పవరు. ఏ రెసిస్టరు దగ్గర అది ఎక్కువో అక్కడే మీ సెల్లు పనిచేయాలి.

ఒక లెక్క చూద్దాం. 1 కిలో ఓము కట్టగానే మొత్తం వోల్టేజీ 0.72 నుంచి 0.25కి పడిందనుకుందాం. పవరు 0.0625 మిల్లీవాట్లు, 10 సెంటీమీటర్ల చదరానికి లెక్కేస్తే చదరపు మీటరుకు 6 మిల్లీవాట్ల పైచిలుకు. యానోడు −0.45 నుంచి −0.40కి వచ్చింది, కాథోడు +0.27 నుంచి −0.15కి జారింది. పోయిన 0.47 వోల్టులో 0.42 కాథోడే మింగేసింది. ఇలాంటి సెల్లుకు యానోడు మీద ఎంత ఖరీదైన పూత పూసినా దండగ. చాలా సెల్లుల్లో కథ ఇదే.

కాథోడు కుంటితే

వైశాల్యం పెంచండి, పలక కన్నా కార్బన్ పోగుల బ్రష్షు మేలు. నీళ్ళు కదలాలి, తొట్టిలో అక్వేరియం పంపు, సముద్రంలో ఆటుపోట్లు ఆ పని చేస్తాయి. కాథోడు మీద కొన్ని వారాలకు పట్టే సన్నటి జిగురు పొరను చూసి కంగారుపడి తోమేయకండి, ఆ పొరలోని బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను అందుకోవడంలో సాయపడుతుంది. గట్టి గుల్లలు పట్టితేనే తీయాలి. తొట్టికి ఎండ తగిలితే నాచు పెరిగి పగలు ఆక్సిజన్ వదులుతుంది, వోల్టేజీ పగలు ఎక్కి రాత్రి దిగుతుంది. లోతైన సముద్రపు అడుగున ఎండ ఉండదు గనక తొట్టికి నల్ల గుడ్డ కప్పి కొలవడమే న్యాయం.

మన బంగాళాఖాతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. సుమారు 100 మీటర్ల కిందినుంచి కొన్ని వందల మీటర్ల లోతు దాకా అక్కడి నీళ్ళలో ఆక్సిజన్ చాలా తక్కువ. ఆ లోతులో అడుగు తగిలే చోట సెల్లు దించితే కింద బురద ఎంత బలమైనదైనా కాథోడుకు ఊపిరి అందదు. అలాంటి చోట తాడుతో కాథోడును పైపొరల నీళ్ళలోకి తేల్చాలి, లేదా చోటే మార్చాలి. ఇంకెక్కడో చల్లటి సముద్రంలో వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఇక్కడి లోతుకు అంటించకూడదు.

యానోడు కుంటితే

రెండు కారణాలుంటాయి. మొదటిది ఉపరితలం. ఫెల్టును మఫిల్ ఫర్నేసులో గాలి తగిలేలా 450 డిగ్రీల దగ్గర అరగంట కాల్చితే నీళ్ళు బాగా పడతాయి, జీవులూ బాగా అంటుకుంటాయి. మీ కాలేజీ ల్యాబులో ఫర్నేసు ఉంటుంది, అడగండి. పరిశోధకులు గ్రాఫైటుకు ఆంత్రాక్వినోన్ అనే రసాయనం పట్టించీ, మాంగనీసు చేర్చీ కూడా ఎలక్ట్రాన్ల మార్పిడి వేగాన్ని పెంచారు. వాటి జోలికి చివర్లో పోవచ్చు.

రెండోది మేత. నెలలు గడిచేకొద్దీ యానోడు చుట్టూ ఉన్న మేత అయిపోతుంది, దూరంగా ఉన్నది మెల్లగా ఊరుతూ రావాలి. అందుకే ఒకే పెద్ద పలక కన్నా, ఎడంగా పాతిన చిన్న ముక్కలు కొన్నింటిని సమాంతరంగా కలిపితే చదరపు మీటరుకు ఎక్కువ వస్తుంది. మేత కలపొచ్చు కూడా. చక్కెర వేస్తే నాలుగు రోజుల్లో పులిసి ఆగిపోతుంది. కైటిన్ అయితే నెమ్మదిగా, నెలలపాటు కరుగుతుంది. 2007లో బ్రూస్ లోగన్ బృందం దాన్ని యానోడులో పెట్టి పవరు పెంచింది. మన దగ్గర సంతలో ఎండు రొయ్యలు అమ్మేవాళ్ళ గంప అడుగున మిగిలే తలకాయల్లో, పెంకుల్లో ఇదే కైటిన్ ఉంటుంది. ఉడికించి, మాంసం పోయేలా కడిగి, ఎండబెట్టి, ముతకగా దంచి పలుచటి నైలాను సంచిలో కట్టి ఫెల్టుకు ఆనించి పాతండి. వాసన సంగతి మీకే వదిలేస్తున్నా, తొట్టి మాత్రం గాలాడే చోటే ఉండాలి. సల్ఫైడు వాయువు మంచిది కాదు.

ఆ చిటికెడు కరెంటును వాడటం

0.35 వోల్టుతో మామూలు చిప్పు ఏదీ లేవదు. మామూలు సెల్లుల్లా నాలుగింటిని వరసగా కలుపుదామంటే సముద్రంలో కుదరదు. అన్నీ ఒకే ఉప్పునీళ్ళలో మునిగి ఉంటాయి, నీళ్ళే వాటిని షార్ట్ చేస్తాయి. అందుకని వోల్టేజీ పెంచే చిప్పు పెట్టాలి. ఎల్‌టీసీ3108 రకం, 1:100 ట్రాన్స్‌ఫార్మరు కలిపితే 20 మిల్లీవోల్టుల దగ్గరే మేల్కొంటుంది. దాని తర్వాత సూపర్ కెపాసిటరు. సెన్సారును ఎప్పుడూ నిద్రపుచ్చే ఉంచి, కెపాసిటరు నిండినప్పుడు మాత్రమే లేపండి. సెల్లు 0.2 మిల్లీవాట్లు ఇస్తూ, అందులో సగం మార్పిడిలో పోయినా, అర సెకను పాటు 100 మిల్లీవాట్లు తాగే రేడియో ఒకసారి పలకడానికి సుమారు ఎనిమిది నిమిషాల సంపాదన సరిపోతుంది. ఉష్ణోగ్రత గంటకోసారి తెలిస్తే చాలు కదా! సెల్లును రెట్టింపు చేయడం కన్నా పలికే సార్లు సగం చేయడం ఎప్పుడూ చవక.

తొట్టి నుంచి తీరానికి

లోతులోకి దూకకుండా ముందు ఉప్పుటేరులో పెట్టండి. పాటు సమయంలో బురద బయటపడుతుంది, చేత్తోనే గుంత తీసి యానోడు పాతొచ్చు. గుంత తీసిన బురదను అదే వరసలో, నల్లది కిందా గోధుమది పైనా వచ్చేలా పూడ్చండి. కాథోడు మాత్రం అన్నిటికన్నా తక్కువ పాటులో కూడా మునిగే ఉండేంత కిందికి కట్టాలి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు ఇంకా దూరం పోతాయి, ఆ రోజు చూసే కొలత తీసుకోండి. పెట్టేముందు తీరం అధికారుల అనుమతి, ఆ ఏటిలో వల వేసే జాలర్ల మాట, రెండూ కావాలి. ఏ మూల లాగుడు వలలు తిరగవో వాళ్ళకే తెలుసు. తీగను కర్రకు కట్టి, కర్రకు రంగు గుడ్డ చుట్టండి, దాని మీద ఇది ఏమిటో తెలుగులో రాసి ఉంచండి.